పడ్డలు మావి, పాలు వేరేవాళ్ళవి

సంక్రాంతికి ఊరెళ్ళడం కుదర్లేదు. పండగ అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక తమ్ముడు ఫోన్ చేశాడు. "చావిడి పీకించేస్తున్నానన్నయ్యా, వాసాలకి చెద పట్టింది, వచ్చే వానాకాలానికి ఆగదు. నువ్వు చూసుకునేదేమన్నా ఉంటే వచ్చి చూసుకో" అన్నాడు. గొడ్ల చావిట్లో చూసుకోవడానికి ఏముంటుంది? నాన్న పోయినప్పట్నుంచీ అందులో ఒక్క గొడ్డు కూడా లేదు, తమ్ముడి మోటార్ సైకిలూ పాత ఫ్రిజ్జూ తప్ప. అయినా వెళ్ళాను.

మాది తెనాలి దగ్గర కాలవ గట్టు ఊరు. నేను వెళ్ళేసరికి సగం పెంకు దింపేశారు. మధ్య దూలానికి కొట్టిన మేకు నుంచి ఏదో నల్లటి గుత్తి వేలాడుతోంది. పనివాడు కర్రతో పొడిస్తే దబ్బున కింద పడింది. గొడ్ల మెడకి కట్టే పలుపులు. నార పలుపులు, కొబ్బరి పీచువి, తర్వాత్తర్వాత వచ్చిన నైలాన్‌వి, అన్నీ ఒకదానికొకటి చుట్టుకుపోయి బూజు పట్టి ఉన్నాయి. కూర్చుని విడదీయబోయేసరికి ఆ వాసన గుప్పుమంది. ఎండిన పేడ, గొడ్డు మెడ చెమట, ఎప్పుడో పుండుకి రాసిన వేపనూనె, అన్నీ కలిసిన వాసన. ముప్ఫై ఏళ్ళ కిందటిది, ఎలా నిలబడిందో తెలీదు. నేను నోట్లోంచి మాట రాకుండా అలా కూర్చునుండేసరికి పనివాడు "తేలు గాని కుట్టిందా అండీ" అని అడిగాడు.

లెక్కపెడితే ముప్ఫై ఏడున్నాయి. ఎలకలు కొరికినవి పోగా.

మా ఇంట్లో పశువుని అమ్మినప్పుడు పలుపు ఇచ్చేవాళ్ళు కాదు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుని మెడకి వేసుకోవాలి, మా పలుపు విప్పి మాకిచ్చేయాలి. పలుపుతో పాటు పాడి కూడా గడప దాటిపోద్దని నాయనమ్మ చెప్పేది. నాన్నకి ఇలాంటి వాటి మీద పెద్ద నమ్మకం ఉండేది కాదు గాని, అమ్మిన ప్రతిసారీ పలుపు తెచ్చి ఆ మేకుకి తగిలించడం మాత్రం మానలేదు. అంటే ఆ ముప్ఫై ఏడూ మా ఇంట్లోంచి వెళ్ళిపోయిన ముప్ఫై ఏడు పడ్డలు.

పడ్డ అంటే ఇప్పటి పిల్లలకి చెప్పాల్సొస్తోంది. మా అమ్మాయికి చెప్పాను, వింతగా చూసింది. గేదెకి పుట్టిన ఆడదూడ ఎదిగి, ఇంకా ఈననిది పడ్డ. ఆవుదైతే పెయ్య. పాలివ్వదు కాబట్టి పడ్డ చవక. పాలపళ్ళ మీదున్న పడ్డని కొని, రెండేళ్ళు మేపి, ఎదకి వస్తే చూలు కట్టేలా దాటించి, చూలు నిలిచి పొదుగు చేసే టైముకి అమ్మడం. మా ఇంటి వ్యాపారం ఇదే. రెండెకరాల పొలం పేరుకి ఉండేది, ఇల్లు నడిచింది మాత్రం పడ్డల మీద. తేలిగ్గా చెప్పాలంటే, ఎవడికీ ఓపిక లేని రెండేళ్ళని మేం కొనుక్కుని, ఆ ఓపికకి ధర కట్టి అమ్మేవాళ్ళం.

దీంతో వచ్చిన చిక్కేమిటంటే, చావిట్లో ఐదారు పశువులున్నా ఇంట్లో పాలుండేవి కావు. ఇంటి వాడకానికి ఒక ముసలి గేదె ఉండేది, రెండు పూటలా కలిపి మూడు లీటర్లిస్తే గొప్ప. అందులో సగం పాలకేంద్రానికి పోసేవాళ్ళం. మిగిలిన దాంట్లో కాఫీలు, మజ్జిగ, చుట్టాలు. బంధువులు మాత్రం "మీకేంరా, ఇంటినిండా గేదెలు, గడ్డ పెరుగు తిని పెరుగుతున్నారు" అనేవాళ్ళు. మేం తాగింది నీళ్ళ మజ్జిగే.

* * *

ఈ వ్యాపారం ఉప్పెనతో మొదలైందని తాతయ్య చెప్పేవాడు. 1977 నవంబరులో వచ్చిన దివిసీమ ఉప్పెన. మా ఊరిదాకా సముద్రం రాలేదు, గాలే వచ్చింది, ఆ గాలికే పాత చావిడి కూలి రెండు గేదెలు దాని కిందే చచ్చిపోయాయి. ఒక పడ్డ మాత్రం తెల్లారి కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి కనిపించిందట, పలుపు తెంపుకుని. దిగువన దివిసీమలో, రేపల్లె అవతల, మనుషులే వేలమంది కొట్టుకుపోయారు, ఇక గొడ్ల సంగతి చెప్పేదేముంది. కొన్నాళ్ళకి సాయం డబ్బులు చేతికొచ్చాక అక్కడివాళ్ళు పాడి గొడ్ల కోసం ఎగువ ఊళ్ళు తిరగడం మొదలెట్టారు. అప్పటికి మా పడ్డ నిండు చూలు. ఒకాయన అడిగిన ధర ఇచ్చి తోలుకెళ్ళాడట. "వాడి కష్టంలో నేను లాభం చూసుకున్నానురా" అని తాతయ్య ఆ మాట అన్నప్పుడల్లా కండువాతో మొహం తుడుచుకునేవాడు. కానీ ఆ డబ్బుతో రెండు పడ్డలు కొన్నాడు. అలా మొదలైంది.

టైము కూడా కలిసొచ్చింది. ఆ ఏడాదే వడ్లమూడిలో సంగం డెయిరీ పెట్టారు. ఊరూరా పాలకేంద్రాలొచ్చి, వెన్నశాతం చూసి డబ్బులివ్వడం మొదలెట్టాక, అంతకుముందు ఇంటికి మజ్జిగ ఉంటే చాలనుకున్నవాళ్ళందరికీ గేదె కావాల్సొచ్చింది. తర్వాత ఐఆర్‌డీపీ అనే ప్రభుత్వ పథకం కింద లోన్లు. గేదెకి లోను, అందులో కొంత సబ్సిడీ. లోన్లిచ్చేది ఎక్కువగా ఆర్థిక సంవత్సరం చివర్లో, టార్గెట్లు పూర్తి చెయ్యాలని. ఆ రోజుల్లో ఈనడానికి దగ్గరికొచ్చిన తొలిచూలు పడ్డ చేతిలో ఉన్నవాడే రాజు. నాన్న దీన్ని లెక్కేసుకునే పడ్డలని దాటించేవాడు. మాఘమాసం వచ్చేసరికి కనీసం రెండు పొదుగు చేసి ఉండాలని ఆయన పట్టుదల. గేదెలేమో క్యాలెండర్ చూసి ఎదకి రావు కదా, వాటిష్టం వాటిది.

* * *

పడ్డల్ని కొనడానికి పల్నాడు వైపు వెళ్ళేవాళ్ళు. వానల్లేని ఏడాది అక్కడ గడ్డి దొరక్క పడ్డల్ని ముందు తెగనమ్మేవాళ్ళు, పాలిచ్చే దాన్ని ఉంచుకుని. వేసవి సెలవుల్లో రెండు మూడుసార్లు నన్ను కూడా తీసుకెళ్ళారు. తెనాలి నుంచి గుంటూరు, అక్కణ్ణుంచి నరసరావుపేట బస్సు, ఆ పైన ఎవరి సైకిలో, ఎడ్లబండో. మాతో పాటు దళారి ఒకాయన వచ్చేవాడు. మేం మావయ్యా అని పిలిచేవాళ్ళం, చుట్టరికం ఏమీ లేదు. నోటినిండా కిళ్ళీ, భుజం మీద ఎప్పుడూ ఎర్రగళ్ళ తుండు. ఆ తుండు ఎండకి కాదని, బేరానికని నాకు అక్కడే తెలిసింది.

అమ్మేవాడి చెయ్యీ మావయ్య చెయ్యీ తుండు కిందకి వెళ్ళేవి. పైన అందరూ వానల గురించీ పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుకుంటూ ఉంటే కింద వేళ్ళు మాట్లాడుకునేవి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వందలు. అమ్మేవాడు తల అడ్డంగా ఊపి చెయ్యి లాక్కోబోతే మావయ్య వదిలేవాడు కాదు, ఇంకో వేలు పట్టుకునేవాడు. చుట్టూ ఇరవై మంది నిలబడ్డా ధర ఎవరికీ తెలిసేది కాదు. నేను ఆ తుండు కదలడం చూసి ధర కనిపెడదామని తెగ ప్రయత్నించేవాణ్ణి. ఒక్కసారీ కనిపెట్టలేకపోయాను.

నాన్న మాత్రం బేరంలో వేలు పెట్టేవాడు కాదు, పశువుని చూడడమే ఆయన పని. ముందు దూరంగా నిలబడి నడిపించమనేవాడు. తర్వాత కింద పెదవి లాగి పళ్ళు. పాలపళ్ళు రాలి ముందు రెండు పెద్ద పళ్ళొస్తుంటే రెండున్నర, మూడేళ్ళు దగ్గర పడ్డట్టు. అంతకంటే చిన్నదైతే ఎక్కువ రోజులు మేపాలి, అంతకంటే పెద్దదై ఇంకా ఎదకి రాలేదంటే అనుమానించాలి. పక్కటెముకల మీద చర్మం పట్టి లాగేవాడు, వదలగానే వెనక్కి పోతే లోపల జబ్బు లేనట్టు. వెనక్కి వెళ్ళి నాలుగు చన్నులూ సమానంగా, ఎడంగా ఉన్నాయా అని చూసేవాడు. చివరికి "దీని తల్లేదీ?" అని అడిగేవాడు. తల్లిని చూపించకపోతే పడ్డ ఎంత బాగున్నా లేచొచ్చేసేవాడు. "తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని మావయ్య ఆ సామెతని ఇక్కడికి తెచ్చి అతికించేవాడు. అది దొంగబుద్ధుల గురించి చెప్పే సామెత అని తర్వాత మా తెలుగు మాస్టారు చెప్పారు గాని, పాల విషయంలో కూడా తప్పు కాదనుకుంటాను.

సుడుల పట్టింపు నాయనమ్మది. నుదుట ఒక సుడి మంచిది, ఫలానా చోట రెండుంటే చెడు అని పెద్ద లిస్టు ఉండేది. నాన్న ఎప్పుడూ చూసేవాడు కాదు, ఇంటికొచ్చాక నాయనమ్మ చూసేది. చెడ్డ సుడి కనిపిస్తే నాన్న "చవగ్గా వచ్చిందమ్మా" అనేవాడు. నాయనమ్మ వెంటనే "సర్లే, గొడ్డొచ్చిన వేళ మంచిదైతే సుడేం చేస్తుంది" అని సర్దుకునేది.

లారీలో వేసుకొచ్చేవాళ్ళు. నలుగురైదుగురు కలిసి ఒక లారీ మాట్లాడుకుని, అడుగున ఇసకా వరిగడ్డీ పోసి, తలలు ఒకటటూ ఒకటిటూ నిలబెట్టి. ఊరు చేరేసరికి అర్ధరాత్రి దాటేది. అమ్మ లాంతరు పట్టుకుని చెంబుతో పసుపు నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోసేది. వాటి కళ్ళు లాంతరు వెలుగులో పచ్చగా మెరిసేవి. కొత్త చోటు కదా, తెల్లారేదాకా ఒకటే అరుపులు, నిద్రుండేది కాదు. పక్కింటి పిన్ని పొద్దున్నే గోడ మీంచి "వచ్చాయా వదినా మీ పల్నాడు పెళ్ళికూతుళ్ళు" అని అడిగేది.

* * *

మెట్ట ఊళ్ళ నుంచి వచ్చిన పడ్డలు అంత నీళ్ళు చూసి ఉండవు. మొదటిరోజు కాలవ దగ్గరికి తోలుకెళ్తే ముందుకాళ్ళు బిగదన్ని నిలబడేవి. వారానికి చూడాలి, మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి పలుపు లాక్కుని అవే పరిగెత్తేవి. ముక్కూ కొమ్ములూ పైకి పెట్టి మునిగి, కొంగలు నెత్తి మీద వాలుతుంటే కదలకుండా. మేం వాటి వీపులెక్కి కూర్చునేవాళ్ళం. నాకు ఈత నేర్పింది ఒక పడ్డ, నడి కాలవలో ఒక్కసారిగా మునిగి.

ఆ నీళ్ళే వాటి ప్రాణం మీదకి కూడా తెచ్చేవి. ఒక ఏడాది తెచ్చిన మూడు పడ్డలూ మంచి మేత మీద ఉండి కూడా రోజురోజుకీ చిక్కిపోయాయి. పిల్లిపెసర మేత, జనుము కట్టలు, తవుడు, పత్తిగింజలు రుబ్బి కుడితి, అన్నీ పెడుతూనే ఉన్నాం. పేడ నీళ్ళలా పోయేది. తర్వాత దవడ కింద సంచిలాగా నీరు దిగింది. ఎవరో దిష్టన్నారు, ఎవరో వాత పెట్టమన్నారు. వాత పెట్టించారు కూడా. ఆ కాలిన బొచ్చు వాసన కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది, దాని గురించి రాయబుద్ధి కావట్లేదు. చివరికి పశువుల డాక్టరు చూసి, కార్జంలో జలగలున్నాయన్నారు. కాలవల్లో, వరిచేలల్లో ఉండే నత్తల్లో వాటి పిల్లలు పెరుగుతాయి, అక్కణ్ణుంచి గడ్డిపరకల మీదకొస్తాయి, ఆ గడ్డి మేస్తే కార్జంలోకి పోతాయి. డెల్టాలో ఇది మామూలే. మెట్ట గొడ్లకి ఇంకా గట్టిగా తగులుతుందని, వానలకి ముందొకసారి తర్వాతొకసారి నట్టలమందు తాగించమని చెప్పారు. రెండు దక్కాయి. ఒకటి పోయింది.

నాన్న ఆ రోజు పొలం వెళ్ళలేదు, అన్నం తినలేదు. నోటుబుక్కులో ఆ పడ్డ పేరు మీద అడ్డగీత పెట్టి పక్కన 1,400 అని రాశాడు. ఆ బుక్కు కూడా దొరుకుతుందేమోనని మొన్న వెతికాను, లేదు.

* * *

ఈ వ్యాపారంలో అసలు పనితనం ఎదని కనిపెట్టడంలో ఉంది. ఆవైతే ఊరంతా వినబడేలా అరుస్తుంది. గేదెది మూగ ఎద. అందులోనూ ఎండాకాలం అసలు బయటపడదు. చలికాలంలోనే, అదీ ఏ తెల్లవారుజామునో కాస్త కనబడి మళ్ళీ సర్దుకుంటుంది. అది దాటితే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. ఒక్క ఎద పోయిందంటే ఇరవై ఒక్క రోజుల మేత దండగ. మా నాన్నకి ఎంత అనుభవమున్నా ఈ ఒక్కటీ చేతయ్యేది కాదు. అమ్మే చూసేది. నాలుగింటికే లేచి, లాంతరు ఒత్తి తగ్గించి, అలికిడి చెయ్యకుండా చావిట్లోకి వెళ్ళేది. ఏది మేత మానేసిందో, ఏది తోక పక్కకి పెట్టి ఊరికే కొంచెం కొంచెంగా ఉచ్చ పోస్తోందో, ఏది తీగ వేసిందో, అంటే వెనక నుంచి తీగలా జిగురు కారుస్తోందో చూసేది. "నల్లపిల్ల తీగేసింది, లేవండి" అని నాన్నని లేపేది. ఆ మాట వినబడితే ఇంట్లో మాకందరికీ కూడా మెలకువొచ్చేసేది, అదో టెన్షన్.

వెంటనే తోలుకెళ్ళకూడదు, కొన్ని గంటలాగాలి. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున. మూడు కిలోమీటర్లు పశువుల ఆసుపత్రికి నడిపించుకుని వెళ్ళాలి, నేను వెనకాల చిన్న కర్ర పట్టుకుని. పంచాయతీ దున్నపోతు ఉండేది గాని, నాన్న కృత్రిమంగా చూలు కట్టించే సూదే వేయించేవాడు, ముర్రా జాతి దూడ పడితే చుట్టుకొమ్ముకి ధర వేరు. ఆసుపత్రిలో ఒక పెద్ద అల్యూమినియం క్యాను, మూత తీస్తే తెల్లటి పొగ నేల మీదకి పాకేది. ద్రవ నత్రజని, మైనస్ 196 డిగ్రీలు అని కాంపౌండరు గొప్పగా చెప్పాడు. వేలు పెడితే ఏమవుద్దండీ అంటే, "ఊడి పడుద్ది" అన్నాడు. ఆ పొగ కోసమే నేను ఎండలో మూడు కిలోమీటర్లు నడిచేవాణ్ణి. ఇదంతా ఈ సూది వేసే గోపాలమిత్రలు బండి మీద ఇంటికే వచ్చే రోజులకి చాలా ముందు మాట.

వేయించిన రోజు గోడ మీద క్యాలెండర్లో అమ్మ పెన్సిల్‌తో సున్నా చుట్టేది. ఇరవై ఒకటో రోజున ఇంకో సున్నా. ఆ రోజు పొర్లిందా, అంటే మళ్ళీ ఎదకొచ్చిందా, మళ్ళీ మొదటికొచ్చినట్టు. పొర్లకపోతే నిలిచినట్టు. ఒకసారి మా పెద్దత్త ఆ క్యాలెండర్ చూసి, లెక్కపెట్టి, అమ్మని పక్కకి పిలిచి "ఈ వయసులో ఇదేంటి వదినా" అని అడిగింది. నల్లపిల్లది అని అమ్మ ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ ఏడాదంతా ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషీ అమ్మ పొట్ట వంక చూసి వెళ్ళేది.

చూలు నిలిచాక పది నెలల పది రోజులు. ఎనిమిదో నెల దాటాక పడ్డకి బొచ్చు గీయించి, నూనె పట్టించేవాళ్ళు. నల్లగా తళతళలాడుతూ, పొదుగు కొద్దికొద్దిగా దిగుతూ, చన్నులు నిగారిస్తుంటే, అప్పుడు కబురెళ్ళేది కొనేవాళ్ళకి. అంటే ఇంకో నెలకి పాలిస్తుందనగా అమ్మేయడం. "ఈనగాచి నక్కలపాలు చేసినట్టుంది మన బతుకు" అని అమ్మ అనేది, కోపంగా కాదు, పేడ ఎత్తుతూ మామూలుగా. నాన్న వినిపించుకునేవాడు కాదు. ఈనాక అమ్మితే పాలు పిండి చూపించాలి, పూటకి ఎన్ని లీటర్లో తేలిపోద్ది. ఈనకముందు అమ్మితే కొనేవాడి ఆశకి కూడా ధర వస్తుందని ఆయన లెక్క. తప్పు లెక్కని నేననలేను.

* * *

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాన్న లేడు కాబట్టి రాస్తున్నాను, ఉంటే రాసేవాణ్ణి కాదు.

నాన్న మోసపోయిన కథలు ఇంట్లో అందరికీ తెలుసు. ఐదో నెల చూలని చెప్పి అమ్మిన పడ్డకి డాక్టరు చెయ్యి పెట్టి చూసి "కడుపులో గడ్డి తప్ప ఏమీ లేదు" అన్న కథ ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఇది ఇంకోటి. ఒక పడ్డ ఏడో నెలలో ఈసుకుపోయింది. రాత్రి చావిట్లో చచ్చిన దూడని వేసేసింది. అమ్మా నాన్నా లాంతరు పెట్టుకుని దాన్ని పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. నేను కిటికీలోంచి చూశాను. ఈసుడు రోగం తగిలిన పశువు మొదటి చూలు పోగొట్టుకున్నా తర్వాతవి చాలాసార్లు నిలబెట్టుకుంటుంది. నాన్నకి అది తెలుసు. దాన్ని మళ్ళీ దాటించి, మళ్ళీ చూలు కట్టాక, తొలిచూలనే చెప్పి, పెదరావూరు దాటి ఎక్కడో ఊరి ఆయనకి అమ్మాడు. బేరం రోజు అమ్మ బయటకి రాలేదు.

ఆ మరుసటేడు ఆ కొన్నాయన సైకిల్ మీద వచ్చాడు. గేటు దగ్గర ఆయన్ని చూడగానే నాన్న మొహం తెల్లబోయింది. ఆయన సైకిల్ హ్యాండిల్‌కి తగిలించిన స్టీలు గిన్నె విప్పి అమ్మ చేతికిచ్చాడు. జున్ను. "మీ చెయ్యి మంచిదండీ, ఆడదూడ పెట్టింది, పూటకి నాలుగు లీటర్లు. మా ఆవిడ మీకు ఇచ్చి రమ్మంది" అన్నాడు. మిరియాలూ యాలక్కాయా వేసి బెల్లంతో వండిన జున్ను, గట్టిగా, ముక్కలు కోసి. మేం పిల్లలం మీదపడి తిన్నాం. మా ఇంట్లో పాలే ఎంత అపురూపమో చెప్పాను కదా. నాన్నకి అమ్మ ఒక ముక్క ప్లేట్లో పెట్టి అరుగు మీద పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. సాయంత్రం దాకా అక్కడే ఉంది. చీమలు పడితే అమ్మ తీసి కోళ్ళకేసింది. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు.

ఆ రోగం కాయని పాల ద్వారా, ఈసుకుపోయినప్పటి మాయ ముట్టుకుంటే మనుషులకి కూడా వస్తుందని, మందలో ఒకదాన్నుంచి ఒకదానికి పోతుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ కొన్నాయన చావిట్లో తర్వాతేమైందో తెలీదు. అడగలేదు ఎవరం.

* * *

చుక్క సంగతి చెప్పి ఆపేస్తాను. నుదుటి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ, అందుకని చుక్క. నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పటి పడ్డ. మా చావిట్లోకి వచ్చిన వాటన్నిట్లోకీ మంచిది, ఇది నామాట కాదు, నాన్న మాట. కొంటానని బయానా ఇచ్చినాయన ఇంట్లో ఎవరో పోయి మైల వచ్చి తోలుకెళ్ళడం వాయిదా పడింది. ఈలోపు ఆషాఢం చివర్లో, వాన పడుతున్న రాత్రి, చుక్క మా ఇంట్లోనే ఈనింది.

ముసలి గేదె ఈతలు చూశాం గాని, పడ్డ తొలి ఈత మా చావిట్లో చూడడం నాకు అదే మొదలు. అమ్మ చేతులకి ఆముదం రాసుకుని కూర్చుంది. దూడ ముందుకాళ్ళు వచ్చి ఆగిపోతే నెమ్మదిగా, అది ముక్కినప్పుడల్లా లాగింది, నాన్నని దగ్గరకి రానివ్వలేదు. ఆడదూడే. చుక్క లేచి దాన్ని నాకుతూ గొంతులోంచి ఒక చిన్న శబ్దం చేసింది, ఆ శబ్దం ఇంకెప్పుడూ చెయ్యదు గేదె. మాయ పడేదాకా అమ్మ అక్కణ్ణుంచి లేవలేదు, కుక్కలు లాక్కుపోతాయని. తెల్లారి అమ్మ పొదుగు కింద కూర్చుంటే చుక్క ఒక్క తన్ను తన్నకుండా చేపింది. చెంబు నిండింది, బకెట్‌లోకి పోశారు.

పన్నెండు రోజులు తాగాం ఆ పాలు. పదమూడో రోజు బయానా ఆయన వచ్చాడు. ఈసారి అమ్మ వంటింట్లోంచి బయటకొచ్చి, అందరి ముందూ, "దీన్ని ఉంచేద్దామండీ" అంది. అమ్మ అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. నాన్న నా వంక చూశాడు. గుంటూరులో నా డిగ్రీ సీటుకి, హాస్టల్‌కి ఆ నెలాఖరులోగా డబ్బు కట్టాలి. ఎంతకి అమ్మాడో తర్వాత తెలిసింది, 6,800. తల్లినీ పిల్లనీ కలిపి. నా మొదటి సంవత్సరం మొత్తం దాంట్లోనే అయిపోయింది.

అమ్మ తన పాత చీర చింపి చుక్క పలుపుకి నీలిగుడ్డ చుట్టింది, మెడ ఒరుసుకోకుండా. నాన్న ఆ పలుపు విప్పి మేకుకి తగిలించాడు. అంతే, ఆ రోజు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు.

* * *

మొన్న ఆ నీలిగుడ్డ గుత్తిలో ఉంది. రంగు పోయింది, గుడ్డ అని తెలుస్తోంది.

వాసాలు ట్రాక్టర్ ట్రక్కులోకి ఎక్కించాక కట్టడానికి తాడు చాల్లేదు. తమ్ముడు బజారుకి మనిషిని పంపబోతే, అరుగు మీద కూర్చున్న అమ్మ "ఆ పాత పలుపులు అన్నుంటే కొత్త తాడు దేనికిరా, దండగ" అంది. నేనేదో అనబోయాను. అమ్మ అప్పటికే టీవీ వైపు తిరిగిపోయింది. సరే, వాటితోనే కట్టారు, ఒకదానికొకటి ముడేసి. ట్రాక్టర్ కాలవ వంతెన ఎక్కుతుండగా నాలుగైదు పుటుక్కున తెగి వాసాలు రోడ్డు మీద పడ్డాయి. బస్సు ఆగిపోయింది, డ్రైవర్ తిట్టాడు. అందరం కలిసి మళ్ళీ ఎత్తి, మిగిలిన పలుపులతో బిగించి పంపేశాం.

రాత్రి అన్నాలయ్యాక అమ్మ అడిగింది. "చుక్కది కూడా కట్టేశారా?"

"కట్టేశాం."

"తెగిందా?"

"తెగలేదు."

"ఎందుకు తెగుద్ది, మీ తాతయ్య పీచు మూడు రోజులు నానబెట్టి పేనింది" అని, కాఫీకి పాల ప్యాకెట్ కత్తిరించడానికి లేచింది.